ఆలస్యం ఎవరి ఖాతాలో?

పది పనులు, పది మెషీన్లు. ప్రతి పనీ పది మెషీన్ల మీదుగా వెళ్ళాలి, కానీ ఒక్కో పనిది ఒక్కో వరస. ఏ మెషీన్ మీద ఏది ముందు పెట్టి ఏది వెనక పెడితే మొత్తం తొందరగా పూర్తవుతుంది? చూడ్డానికి ఇంజనీరింగ్ రెండో సంవత్సరం అసైన్‌మెంట్‌లా ఉన్న ఈ లెక్క 1963లో అచ్చయింది. 930 యూనిట్ల సమయం కన్నా తక్కువలో ఇది కుదరదని రుజువవడానికి 1989 దాకా ఆగాల్సి వచ్చింది. కార్లియె, పిన్సన్ అనే ఇద్దరు ఫ్రెంచి పరిశోధకులు ఆ పని చేశారు. అంటే ఇరవై ఆరేళ్ళు.

షెడ్యూలింగ్ ఎంత కష్టమో చెప్పాల్సి వచ్చినప్పుడల్లా మా రంగంలో ఈ కథే చెప్తారు. నాకు మాత్రం ఇది చాలా తేలిక లెక్క అనిపిస్తుంది. ఎందుకంటే ఆ పది మెషీన్లలో ఏదీ చెడిపోదు. కరెంటు పోదు. ముడిసరుకు లారీ దారిలో ఆగిపోదు. సగం పని అయ్యాక కస్టమర్ ఫోన్ చేసి, నాకు ముందు ఇంకోటి కావాలి అనడు. ఆపరేటర్ కూతురికి జ్వరం రాదు. ఇవన్నీ జరిగే చోటునే మనం ఫ్యాక్టరీ అంటాం.

నేను ఫ్యాక్టరీలకి ప్లానింగ్ సాఫ్ట్‌వేర్ రాసే ఉద్యోగం చేస్తాను. రోజంతా స్క్రీన్ మీద రంగురంగుల పట్టీలు: అడ్డంగా సమయం, నిలువుగా మెషీన్లు, ఒక్కో పట్టీ ఒక్కో పని. వందేళ్ళ కిందట హెన్రీ గాంట్ ప్రచారంలోకి తెచ్చిన బొమ్మే, ఇప్పటికీ అదే. ఒక మెషీన్ ఆగిపోతే మౌస్‌తో పట్టీని పట్టుకుని కుడివైపుకి జరుపుతాం. చప్పుడు లేకుండా జరుగుతుంది. దాని వెనకున్నవన్నీ వాటంతటవే సర్దుకుంటాయి. నేను అడగాలనుకుంటున్న ప్రశ్న ఇక్కడే ఉంది. స్క్రీన్ మీద పట్టీ జరిగినప్పుడు, అవతల నిజంగా జరగాల్సి వచ్చేది ఎవరు?

*

తానొకటి తలిస్తే దైవమొకటి తలుస్తుందని మనకి చిన్నప్పట్నుంచీ తెలుసు. ఆర్థికవేత్త ఫ్రాంక్ నైట్ 1921లో రాసిన పుస్తకంలో ఆ దైవాన్ని రెండుగా విడదీశాడు. ఒకటి రిస్కు. పాచిక వేస్తే ఆరు పడుతుందో లేదో తెలియదు, కానీ ఎంత అవకాశం ఉందో తెలుసు. ఒక మెషీన్ నెలకి సగటున రెండుసార్లు ఆగుతుందంటే అది రిస్కు. లెక్క కట్టొచ్చు, ఇన్సూరెన్స్ కూడా చేసుకోవచ్చు. రెండోది అనిశ్చితి. దానికి పాత రికార్డు ఉండదు, సంభావ్యత ఉండదు. 2020 మార్చిలో ఏం జరగబోతోందో 2019 డిసెంబరులో ఏ ప్లానర్ దగ్గరా ఏ పట్టికా లేదు.

నిజజీవితంలో ఈ రెండింటి మధ్య గీత అంత స్పష్టంగా ఉండదు. 2022 ఏప్రిల్‌లో ఆంధ్రప్రదేశ్‌లో పరిశ్రమలకి పవర్ హాలిడే ప్రకటించారు. మామూలు ఫ్యాక్టరీలు వారపు సెలవుకి తోడు ఇంకో రోజు మూసుకోవాలి, ఇరవై నాలుగు గంటలూ నడిచేవి సగం కరెంటుతో సరిపెట్టుకోవాలి. ఎండాకాలంలో కరెంటు కటకట అనేది మనకి కొత్త కాదు కాబట్టి అది రిస్కు. ఫలానా శుక్రవారం నుంచి, ఇన్ని రోజులు, ఇంత అని మాత్రం ఎవరూ ముందు చెప్పలేరు, అది అనిశ్చితి.

దీన్ని తట్టుకోవడానికి ఫ్యాక్టరీకి ఉన్న మందు ఒకటే, వెసులుబాటు. కాస్త అదనపు సరుకు, కాస్త ఖాళీగా ఉండే మెషీన్, గడువులో కాస్త ఎడం. అది ఎంత ఉండాలన్నది పక్కా గణితం. ఒక మెషీన్ ఉందనుకోండి, ఒక్కో పనికి సగటున గంట పడుతుంది. పనులు ఎప్పుడొస్తాయో, ఏది ఎంతసేపు పడుతుందో ఖచ్చితంగా చెప్పలేం. క్యూ సిద్ధాంతంలోని అతి సరళమైన నమూనా ప్రకారం, ఆ మెషీన్ 80 శాతం సమయం పనిలో ఉంటే, వచ్చిన పని సగటున 4 గంటలు క్యూలో ఎదురుచూస్తుంది. 90 శాతానికి 9 గంటలు. 95 శాతానికి 19 గంటలు. 99కి 99 గంటలు. మెషీన్‌ని ఖాళీగా ఉంచకూడదన్న పట్టుదల పెరిగేకొద్దీ, పని ముందుకి కదలడం ఆగిపోతుంది. ఆఖరి ఐదు శాతం కోసం కక్కుర్తి పడితే రోజులకి రోజులు పోతాయి.

ఈ లెక్క తెలియని ప్లాంట్ మేనేజర్ ఉండడు. ఫార్ములా రాకపోవచ్చు, ఒంటికి తెలుసు. అయినా నెలాఖరు రివ్యూలో మెషీన్ 78 శాతం వాడకంలో ఉందని కనిపిస్తే, మిగతా 22 ఏమయ్యాయి అని అడుగుతారు. ఆ 22 శాతం ఏం చేసిందో రిపోర్టులో ఉండదు. కుదుపు రాని రోజున వెసులుబాటు దండగలాగే కనిపిస్తుంది. కుదుపు వచ్చిన రోజున అది పనిచేసింది కాబట్టి ఏమీ జరగలేదు, ఏమీ జరగలేదు కాబట్టి ఎవరికీ గుర్తుండదు.

*

పైవాళ్ళు వెసులుబాటుని కోసేస్తే కిందవాళ్ళు దాన్ని దాచుకుంటారు. నేను చూసిన చాలా ఫ్యాక్టరీల్లో సూపర్‌వైజర్‌కి నలభై నిమిషాల పని గురించి అడిగితే గంట అని చెప్తాడు. సాఫ్ట్‌వేర్‌లో గంట అనే ఎక్కుతుంది. మా పరిభాషలో దీన్ని చెడ్డ డేటా అంటాం, శుభ్రం చేయాలంటాం.

ఇది అబద్ధమా? వాచ్ పెట్టి కొలిస్తే అబద్ధమే. కానీ అతనికి ప్రశ్న అలా వినపడదు. ఎంతసేపు పడుతుంది అని మనం అడిగితే, ఎంతసేపట్లో కాకపోతే నిన్ను తిట్టాలి అని అతనికి వినిపిస్తుంది. ఆ ప్రశ్నకి గంట అనేది నిజాయితీ అయిన జవాబే. తన బృందానికి అతను సొంత ఖర్చుతో ఇన్సూరెన్స్ కడుతున్నాడు, ప్రీమియం మాట రూపంలో.

ఎలియాహు గోల్డ్‌రాట్ 1997లో రాసిన పుస్తకంలో ఈ దాపుడు వెసులుబాటు మీదే పెద్ద చర్చ ఉంది. ప్రతివాడూ తన దగ్గర దాచుకున్న ఎడాన్ని బయటికి తీసి, అన్నిటినీ కలిపి చివర్లో ఒకే ఉమ్మడి నిల్వగా పెట్టమంటాడు. గణితం అతని పక్షానే ఉంది. విడివిడిగా పది మంది దాచుకున్నదానికన్నా, కలిపి దాచుకున్నది తక్కువైనా సరిపోతుంది, ఎందుకంటే పదిమందికీ ఒకేరోజు కష్టం రాదు. ఊళ్ళో చిట్టీ నడిచేదీ ఈ నమ్మకం మీదే. అయితే ఇందులో ఒక షరతుంది. ఎవడైనా తన సమయం దాటితే వాణ్ణి శిక్షించకూడదు. సగం సార్లు దాటుతుందని ముందే ఒప్పుకున్న లెక్క కదా. ఆచరణలో నేను ఎక్కువగా చూసింది మొదటి సగమే. దాచుకున్నది బయటికి తీయించుకుంటారు, ఉమ్మడి నిల్వని వచ్చే త్రైమాసికంలో ఇంకెవరో కోసేస్తారు, ఆలస్యమైతే తిట్లు మాత్రం పాత అడ్రసుకే వస్తాయి. అలాంటి చోట నిజం చెప్పమని అడిగే హక్కు మనకి ఎంతవరకు ఉంది అన్నది నాకు నిజంగానే ప్రశ్న.

*

వెసులుబాటుని తగ్గించడంలో ప్రపంచానికి గురువు టొయోటా. కావల్సిన భాగం కావల్సిన గంటకే వస్తుంది, గోడౌన్‌లో కుప్పలుండవు. 1997 ఫిబ్రవరి 1 తెల్లవారుజామున కరియా ఊళ్ళోని ఐసిన్ ఫ్యాక్టరీ తగలబడింది. బ్రేకుల్లో వాడే ఒక చిన్న వాల్వ్, అరచేతిలో పట్టేది, టొయోటాకి దాదాపు మొత్తం అక్కణ్ణుంచే వచ్చేది. జపాన్‌లోని టొయోటా అసెంబ్లీ ప్లాంట్లు రోజుల్లోనే వరసగా ఆగిపోయాయి.

తర్వాత జరిగింది మేనేజ్‌మెంట్ పాఠ్యపుస్తకాల్లోకి ఎక్కింది. సుమారు రెండొందల కంపెనీలు ఆ వాల్వ్ తయారీలోకి దిగాయి. కుట్టుమిషన్లకి పేరుపడ్డ బ్రదర్ కంపెనీ కూడా అందులో ఉంది. డ్రాయింగులు పంచుకున్నారు, మామూలు మెషీన్ల మీదే చేతికందిన పద్ధతిలో చేశారు. డబ్బులెవరిస్తారు అని ముందు బేరమాడలేదు. వారం తిరిగేసరికి ఉత్పత్తి దాదాపు మామూలైపోయింది. ఆ తర్వాత టొయోటా తన నేరు సరఫరాదారులకి, ఆ మూడు నెలల్లో వాళ్ళు తనకి అమ్మినదానిలో 1 శాతం చొప్పున చెల్లించింది.

దీన్ని చాలామంది జస్ట్-ఇన్-టైమ్ బలహీనతకి ఉదాహరణగా చెప్తారు, కొందరు బలానికి చెప్తారు. నాకు కనిపించేది ఇంకోటి. గోడౌన్‌లోంచి తీసేసిన వెసులుబాటు అక్కడ పూర్తిగా మాయమవలేదు, సంబంధాల్లో దాక్కుని ఉంది. ఈరోజు నేను నష్టపోయినా రేపు నన్ను గాలికొదిలేయరు అన్న నమ్మకం అది. ఆ కంపెనీ లైన్లలో తాడు లాంటిది కూడా ఒకటి ఉంటుంది, ఆండాన్ అంటారు. ఏదైనా తేడాగా కనిపిస్తే మామూలు కార్మికుడు దాన్ని లాగి లైన్ ఆపించొచ్చు. నిల్వ తీసేసినప్పుడు ఆపే హక్కు ఇచ్చారు. టొయోటా కింద పనిచేయడం సుఖమని నేననడం లేదు, ఆ ఒత్తిడి గురించి జపాన్‌లోనే చాలా రాశారు. కానీ ఈ రెండూ ఒకే ఒప్పందంలో రెండు సగాలని మాత్రం గుర్తుపెట్టుకోవాలి. ఎందుకంటే ప్రపంచం కాపీ కొట్టింది మొదటి సగాన్నే.

ఒక సగమే మిగిలితే ఏమవుతుందో ఢాకా పక్కన సావర్‌లో 2013లో కనిపించింది. ఏప్రిల్ 23న రాణా ప్లాజా భవనంలో పగుళ్ళు కనిపించాయి. కింది అంతస్తుల్లో బ్యాంకూ దుకాణాలూ ఉన్నాయి, అవి మూసేశారు. పై అంతస్తుల్లో విదేశీ బ్రాండ్లకి బట్టలు కుట్టే ఫ్యాక్టరీలు. వాటి కార్మికుల్ని మర్నాడు పొద్దున్న మళ్ళీ రమ్మన్నారు. రాకపోతే జీతం ఆపేస్తామన్నారని బతికి బయటపడ్డవాళ్ళు చెప్పారు. ఆ ఉదయమే భవనం కూలి 1,100 మందికి పైగా చనిపోయారు.

భవనం కూలింది అక్రమ అంతస్తుల వల్ల, నాసిరకం కట్టుబడి వల్ల. షెడ్యూల్ వల్ల కాదు. కానీ పగులు చూసిన తర్వాత కూడా లోపలికి పంపించడం మాత్రం షెడ్యూల్‌కి సంబంధించిన నిర్ణయం. ఒకే గోడ, ఒకే పగులు. బ్యాంకు ఒకరోజు పని మానుకోగలిగింది. షిప్‌మెంట్ గడువు నెత్తి మీదున్న ఫ్యాక్టరీ మానుకోలేననుకుంది. ఆ ఒకరోజు వెసులుబాటు గోడౌన్‌లో లేదు, గడువులో లేదు, ధరలో లేదు. మిగిలింది మనుషులే.

*

మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధవుతుందని సామెత. కుదుపు కూడా అంతే, ఎక్కడ మెత్తగా ఉంటే అక్కడ దిగుతుంది. 2020లో కోవిడ్ మొదలవగానే బంగ్లాదేశ్ ఫ్యాక్టరీలకి దాదాపు 300 కోట్ల డాలర్ల ఆర్డర్లు రద్దయ్యాయి, లేదా వాయిదా పడ్డాయి. గుడ్డ కొని, కోసి, కుట్టేసిన సరుకు కూడా అందులో ఉంది. గొడవయ్యాక చాలా బ్రాండ్లు మళ్ళీ డబ్బు కడతామన్నాయి. మొదటి రోజు కుదుపు ఎటు దొర్లిందన్నది మాత్రం అందరం చూశాం.

మన దేశంలో ఈ విషయం మీద చట్టం కూడా ఉంది. బొగ్గు, కరెంటు, ముడిసరుకు అందకపోయినా, మెషీన్ చెడిపోయినా, ప్రకృతి వైపరీత్యం వచ్చినా పని ఇవ్వలేకపోతే దాన్ని లే-ఆఫ్ అంటారు. 2025 దాకా అమల్లో ఉన్న పారిశ్రామిక వివాదాల చట్టంలో 1953లో చేర్చిన నిబంధనల ప్రకారం, కనీసం యాభై మంది ఉన్న ఫ్యాక్టరీలో ఏడాది సర్వీసు నిండిన కార్మికుడికి ఆ రోజులకి బేసిక్, డీఏ కలిపినదాంట్లో సగం ఇవ్వాల్సి ఉండేది. నాకు ఈ నిబంధన చాలా ఇష్టం. ఇది షెడ్యూలింగ్‌కి రాసిన నీతిసూత్రం. కుదుపు ఎవరి తప్పూ కానప్పుడు చెరిసగం పంచుకోండి అంటోంది.

అదే నిబంధన ఒక గీత కూడా గీసింది. బదిలీ వర్కర్లకీ క్యాజువల్ కార్మికులకీ ఇది వర్తించలేదు. బదిలీ అన్న మాట సింగరేణి ఊళ్ళలో అందరికీ తెలుసు. పర్మినెంట్ మనిషి రాని రోజున అతని బదులు దిగేవాడు. అంటే అతని పనే వెసులుబాటుగా ఉండటం. కుదుపుని తట్టుకోవడానికే పెట్టుకున్న మనిషికి, కుదుపు వచ్చినప్పుడు రక్షణ లేదు. ఇక మస్టర్‌లో పేరే లేనివాళ్ళ సంగతి చెప్పక్కర్లేదు. వానాకాలంలో గుంట మగ్గంలోకి నీళ్ళూరితే నేత ఆగిపోతుంది. మాస్టర్ వీవర్ దగ్గర చీరకింత అని కూలి తీసుకునే నేతగాడికి ఆ రోజులకి సగం కాదు కదా, ఏమీ రాదు. ఆకాశంలోని అనిశ్చితి మొత్తం అతని ఇంట్లోని గుంటలోకే దిగుతుంది.

ఇక్కడ మళ్ళీ నైట్ దగ్గరికి వెళ్ళాలి. రిస్కుకీ అనిశ్చితికీ తేడా చెప్పడం అతని అసలు ఉద్దేశం కాదు. పోటీ ఉన్న మార్కెట్లో లాభం అనేది అసలెందుకు మిగులుతుంది అన్నది అతని ప్రశ్న. లెక్క కట్టగలిగిన రిస్కుకి లాభం రాదు, దాన్ని ఎవరైనా ఇన్సూరెన్స్‌తో ఖర్చులో కలిపేసుకోవచ్చు. లెక్కకందని అనిశ్చితిని నెత్తినేసుకున్నందుకు వచ్చే ప్రతిఫలమే లాభం అని అతని జవాబు. అతను పెట్టుబడిదారీ వ్యవస్థకి శత్రువేం కాదు, షికాగో ఆర్థికశాస్త్రానికి పెద్దదిక్కు. అందుకే అతని మాటని అతని పక్షం వాళ్ళ ముందే పెట్టొచ్చు. అనిశ్చితి మోసినందుకే లాభమైతే, ఆ అనిశ్చితిని బదిలీ వర్కర్ మీదికీ, నేతగాడి మీదికీ, మూడో అంచె సరఫరాదారు మీదికీ దింపేశాక, లాభం మాత్రం పైనే ఎలా ఉండిపోతుంది? బరువు దించుకున్నవాడు కూలి కూడా వదులుకోవాలి కదా. నష్టాన్ని పంచమని దయ కోరడం కాదిది, వాళ్ళ లెక్కనే పూర్తిగా చేయమనడం.

*

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. వెసులుబాటు ఉచితం కాదు. ఖాళీ మెషీన్‌కీ, అదనపు సరుకుకీ, కూర్చోబెట్టి ఇచ్చే జీతానికీ అయ్యే ఖర్చు చివరికి ధరలో కలుస్తుంది. చొక్కా అయితే సరే, మందుబిళ్ళ అయితే? జబ్బుపడ్డ పేదవాడు ఎక్కువ కట్టి, ఫ్యాక్టరీ కార్మికుడి నిశ్చింతని కొనాలా? ఈ అభ్యంతరాన్ని నేను తేలిగ్గా తీసుకోను. వెసులుబాటు ఎంత ఎక్కువైతే అంత మంచిదని కూడా అనను. కానీ ఆ ఖర్చు ఇప్పుడు లేదని, వెసులుబాటు పెడితే కొత్తగా పుడుతుందని అనుకోవడం దగ్గర పొరపాటుంది. ఖర్చు ఇప్పుడూ ఉంది. ధరలో కనిపించకుండా, ఎవరో ఒకరి రద్దయిన సెలవులో, ఆగిన కూలిలో, రాత్రి పదకొండింటికి ఇల్లు చేరడంలో ఉంది. దాన్ని పైకి తీసుకొస్తే కనీసం దాని గురించి వాదించుకోవచ్చు.

నా పనిలో ఈ వాదన చాలా చిన్న రూపంలో వస్తుంది. షెడ్యూల్ మంచిదా చెడ్డదా అని సాఫ్ట్‌వేర్‌కి తెలియాలంటే మనం ఒక కొలత రాయాలి. లేటైన ఆర్డర్‌కి ఇంత జరిమానా, మెషీన్ సెటప్ మార్చితే ఇంత, గోడౌన్‌లో సరుకుంటే ఇంత. ప్లాన్ గంటకోసారి మారిపోతుంటే దానికీ ఒక పేరుంది, నెర్వస్‌నెస్ అంటారు. ప్లాన్‌కి నెర్వస్‌నెస్! ఆ ప్లాన్ ప్రకారం రేపు పొద్దున్న షిఫ్టా రాత్రి షిఫ్టా అని ఫోన్ చూసుకుంటూ కూర్చునే మనిషికి మాత్రం ఆ కొలతలో అంకె ఉండదు. అంకె రాయకపోతే అది సున్నా. సున్నా ధర ఉన్నదాన్ని సాల్వర్ ఎంతైనా వాడేస్తుంది, దాని తప్పు లేదు. ఎవరూ దుర్మార్గంగా ఆలోచించకుండానే, ఎవరూ నిర్ణయం తీసుకోకుండానే, కుదుపంతా అటు దొర్లుతుంది.

అంకె రాయొచ్చు. షిఫ్టుకి ముందు నలభై ఎనిమిది గంటల్లోపు మార్పులు చేయకూడదని గీత గీయొచ్చు, చేయక తప్పకపోతే దానికి లేటైన ఆర్డర్‌కి సమానంగా జరిమానా పెట్టొచ్చు. రెండు పూటల కోడ్ కూడా కాదు. కష్టం ఏ అంకె రాయాలన్న దగ్గరే. ఒక మనిషి ఇంట్లో గడపాల్సిన సాయంత్రానికి ఎన్ని రూపాయలు? రాయాలంటే సిగ్గుగా ఉంటుంది, మనిషికి ధర కట్టినట్టు. రాయకపోతే ఆల్రెడీ కట్టిన ధర సున్నా.

ఈ సిగ్గుని తప్పించుకునే దారి నాకు కనిపించలేదు. అయితే ఆ అంకె ఎవరు రాయాలన్న దాని మీద మాత్రం నాకు స్పష్టత ఉంది. ఏసీ గదిలో కూర్చుని నేను ఊహించి రాసేది కాదది. ఆ షిఫ్టులో పనిచేసేవాళ్ళతో బేరమాడి తేల్చుకోవాల్సిన అంకె. 1953లో సగం అన్నది కూడా అలాంటి ఒక బేరమే. ఆ తర్వాత ఫ్యాక్టరీలు మారాయి, కాంట్రాక్టు పెరిగింది, ప్లాన్ వారానికోసారి కాకుండా గంటకోసారి మారే రోజులొచ్చాయి. బేరం మళ్ళీ మొదలుపెట్టాల్సి ఉంది. ఈలోపు స్క్రీన్ మీద నేను పట్టీని కుడివైపుకి జరిపినప్పుడల్లా, దాని పక్కన ఇంకో గడి ఉండాలని కోరుకుంటున్నాను: ఈ ఆలస్యం ఎవరి ఖాతాలో?